సముద్రం లేని చోట ఉప్పు ఎక్కడిది?

ప్రశ్న: నా పుట్టిల్లు చినగంజాం కావడం వల్ల ఉప్పుమళ్ళు చూస్తూ పెరిగాను. ఈ మధ్య అజ్మీర్ వెళుతూ సాంభర్ సరస్సు దగ్గర ఆగినప్పుడు, సముద్రం జాడే లేని ఆ ఎడారి అంచున ఉప్పు కుప్పలు చూసి ఆశ్చర్యపోయాను. పూర్వం అక్కడ సముద్రం ఉండేదని తోటి ప్రయాణికులు అన్నారు. నిజమేనా? మరి మన కొల్లేరు అలా ఎందుకు కాలేదు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సముద్రం వెనక్కి వెళుతూ విడిచిన ఉప్పు అన్న మాట చాలాకాలంగా వినిపిస్తున్నదే గాని, సాంభర్ ఉప్పుకు సముద్రం అవసరం లేదు. మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు ఉంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు, దానితోపాటు తమ్మిలేరు వంటి ఏరులు కొల్లేరుకు చేర్చే నీరు అక్కడే నిలిచిపోకుండా ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. కరిగిన లవణాలు కూడా ఆ నీటితోనే వెళ్ళిపోతాయి. సాంభర్‌కు అటువంటి ఉప్పుటేరు లేదు. జైపూర్‌కు నైరుతిగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఆరావళి కొండల ప్రాంతంలో పళ్ళెంలా ఉన్న ఆ పల్లంలోకి మేంఢా, రూపన్‌గఢ్ వాగులు వానాకాలంలో నీరు తెస్తాయి గాని, వచ్చిన నీరు బయటకు పోయే దారి ఒక్కటీ లేదు. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ లవణాలు వేరు, సాంభర్ లవణాలు వేరు. జరిగే పని మాత్రం ఒక్కటే. వేల ఏళ్ళుగా ఎండ నీటిని తీసుకుపోతూ ఉప్పును వదిలిపెడుతున్నది.

ఆ లవణాలు మొదట ఎక్కడి నుంచి వచ్చాయన్నది శాస్త్రజ్ఞులు చాలాకాలం చర్చించిన విషయం. వేసవిలో వీచే నైరుతి గాలులు గుజరాత్‌లోని ఉప్పు మైదానమైన కచ్ రణ్ నుంచి ఉప్పు ధూళిని మోసుకొస్తాయని హాలండ్, క్రిస్టీ అనే ఇద్దరు 1909లో ప్రతిపాదించారు. గాలికి కొంత పాత్ర ఉండవచ్చు గాని, కొండరాళ్ళు అరిగి వాగుల్లో కొట్టుకొచ్చిన లవణాలే ముఖ్యమన్న వాదం నాకు బలంగా కనిపిస్తున్నది. 1970లలో గుర్దీప్ సింగ్ బృందం సాంభర్, దీద్వానా, లూంకరన్‌సర్ సరస్సుల అడుగు మట్టిలో ఆనాటి మొక్కలు విడిచిన పుప్పొడిని పరిశీలించి, కొన్ని వేల ఏళ్ళ క్రితం ఆ ప్రాంతంలో ఇప్పటికన్నా తేమ ఎక్కువని తేల్చింది.

ఆ ఉప్పు చుట్టూ పెద్ద చరిత్రే నడిచింది. శాకంభరీ దేవి ఆ నేలను వెండిగా మారిస్తే, వెండి కోసం కలహాలు పుడతాయని భయపడిన జనం వేడుకోగా ఆమె దానిని ఉప్పు చేసిందని అక్కడివారు చెప్పుకుంటారు. సాంభర్ అన్న పేరు ఆ శాకంభరి నుంచే వచ్చింది. చౌహాన్ రాజులు అజ్మీర్‌కు తరలకముందు వారి రాజధాని ఇదే. తరువాత జైపూర్, జోధ్‌పూర్ సంస్థానాలు ఉమ్మడిగా అనుభవించిన సరస్సును 1870లో ఆంగ్ల ప్రభుత్వం కౌలుకు తీసుకుంది. ఉప్పునీరు చిక్కబడిన మళ్ళు గులాబీ రంగుకు తిరగడం మీరు గమనించారో లేదో; అంత ఉప్పులోనూ బతకగలిగే సూక్ష్మజీవుల రంగు అది.

అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 1990లో ఎక్కిన ఆ సరస్సులోనే 2019 నవంబరులో బాక్టీరియా విషం వల్ల వచ్చే బాటులిజం అనే జబ్బు సోకి వేల సంఖ్యలో వలస పక్షులు చనిపోయాయి. వాగుల మీద కట్టిన ఆనకట్టల వల్ల, విచ్చలవిడిగా తవ్విన బోర్ల వల్ల సరస్సుకు చేరే నీరు తగ్గిపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. కొల్లేరుకు ఉప్పు భయం మరో వైపు నుంచి ఉంది: నీటిమట్టం పడిపోయిన వేసవిలో, లవణాలను బయటకు తీసుకుపోవలసిన ఉప్పుటేరు గుండానే సముద్రపు పోటు నీరు పైకి ఎగదన్నుతుంది.