పది మందిమి కలిసి నెలనెలా డబ్బు వేసుకోవాలంటే ముందు ట్రస్టు పెట్టాలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో పది మంది తెలుగువాళ్లు నెలకింత వేసుకుని, చుట్టుపక్కల ట్రాన్స్‌జెండర్, గే, లెస్బియన్ పిల్లలకి ఆసరాగా ఉండాలనుకుంటున్నామని, ముందు ట్రస్టు రిజిస్టర్ చేయించాలా అని అడిగారు. మాది ఒడిశాలోనే బరంపురం. మాకూ ఇలాంటి గివింగ్ సర్కిల్ ఒకటి కొన్నేళ్లుగా నడుస్తోంది. నన్నడిగితే ట్రస్టు ఇప్పుడే వద్దు. ఇది చీటీ లాంటిదే, కాకపోతే పాట ఉండదు. ఈసారి డబ్బు ఎవరి అవసరానికి వెళ్లాలో అందరూ కూర్చుని తేల్చుకుంటారు, అంతే. పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు కావాలని పట్టుబట్టేవాళ్లుంటే ఆ గుర్తింపు ఉన్న సంస్థకే నేరుగా ఇప్పించండి.

డబ్బు కంటే ముందు పేర్లు కాపాడే సంగతి చూడండి. మన ఊళ్లలో ఏ మాటైనా సాయంత్రానికల్లా వీధి చివరికి చేరుతుంది. మా సభ్యుడొకాయన ఒక కుర్రాడికి కౌన్సెలింగ్ ఫీజు ఫోన్‌పేలో పంపుతూ, మెసేజ్ దగ్గర ‘గే సపోర్ట్’ అని ఇంగ్లీషులో కొట్టాడు. మంచి మనసుతోనే. రాత్రయితే ఆ కుర్రాడి ఫోన్ వాళ్ల నాన్న చేతిలో ఉంటుంది. ఆయన చూసి, ‘ఈ జీఏవై ఏమిట్రా, కంపెనీ పేరా?’ అని అడిగి వదిలేశాడట. మాకు మాత్రం వారం రోజులు టెన్షనే. ఇప్పుడు మెసేజ్‌లో ‘పుస్తకాలు’ అనే రాస్తాం. లెక్కల నోట్‌బుక్‌లో నంబర్లే ఉంటాయి, ఏ నంబరు ఎవరిదో ఇద్దరికే తెలుసు. వాట్సాప్ గ్రూపులో ఏ పేరూ రాదు. సాయం చేస్తూ ఫోటో దిగుదామనేవాళ్లని చేర్చుకోకపోవడమే మేలు.

ఆ పది మందిలో ఆ బతుకు బతుకుతున్నవాళ్లు ఎందరు? ఒక్కరూ లేకపోతే ఇంకా మొదలుపెట్టకండి. మేం కుట్టుమిషన్లు కొందామని మాట్లాడుకుంటుంటే మా హిజ్రా అక్క ఒకావిడ, ‘ఇల్లే అద్దెకివ్వట్లేదు తమ్ముడూ, మిషన్ ఎక్కడ పెట్టుకోమంటావు?’ అంది. ఆ నెల డబ్బు గది అడ్వాన్సుకి వెళ్లింది.

ప్రభుత్వం ఇచ్చేవాటికి మీ డబ్బు పెట్టొద్దు, అవి అందేలా చూడటానికి పెట్టండి. 2019 చట్టం కింద ట్రాన్స్‌జెండర్లకి కలెక్టర్ ఇచ్చే గుర్తింపు కార్డు ఉంది. ఒడిశాలో మధుబాబు పెన్షన్ 2020 నుంచి వాళ్లకీ వర్తిస్తోంది. ఆంధ్రలోనూ పెన్షన్ ఉంది. చిక్కంతా సరిహద్దు దగ్గరే. ఆంధ్ర వైపు ఇచ్ఛాపురంలో ఇల్లు వదిలి బరంపురం వచ్చిన మనిషికి ఆధార్ అక్కడ, బతుకు ఇక్కడ. మాకు కలెక్టరేటు ఛత్రపురంలో ఉంది. ఫారాలేమో ఒడియాలో. మనవాళ్లు చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. బస్సు ఛార్జీలు, నోటరీ, జిరాక్సులు, ఆ రోజు పోయిన సంపాదన... మా డబ్బులో పెద్ద వాటా వీటికే పోతుంది.

గే, లెస్బియన్ పిల్లలకైతే ఈ పథకాలేవీ వర్తించవు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది, నిజమే. ఇంట్లోంచి గెంటేస్తే ఆ రాత్రి తలదాచుకోవడానికి చోటేదీ? అందుకని కొంత సొమ్ము ఎప్పుడూ చేతిలో ఉంచండి, అలాంటప్పుడు మీటింగ్ పెట్టి ఓట్లు వేసుకునే తీరిక ఉండదు. ఆలోపు మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఉచితం.

బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడిచేలా తెరవండి. బంధువులు కానివాళ్ల నుంచి ఒకరికి ఏడాదిలో వచ్చిన డబ్బు 50,000 దాటితే ఆ మొత్తం ఆదాయం లెక్కలోకొస్తుంది, కాబట్టి ఎవరో ఒకరి సొంత ఖాతాలో పోగేయొద్దు.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయి సంగతీ అడిగారు. భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందకొస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకండి. మాకూ ఒకాయన పంపుతానంటే వద్దన్నాం. ఇక్కడే టీచరుగా ఉన్న వాళ్ల చెల్లెలు తన జీతంలోంచి వేస్తోంది.