ఎక్స్‌రే నార్మల్, దగ్గు మాత్రం తగ్గట్లేదు: సమాధానం

మీ అమ్మగారికి మూడు నెలలుగా పొడి దగ్గు, పిల్లికూతలు లేవు, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) నార్మల్ అన్నారు కదండీ. అంతమాత్రాన ఆస్తమా లేదని తేల్చలేం. దగ్గు ఒక్కటే లక్షణంగా ఉండే ఆస్తమా కూడా ఉంది, దాన్ని కాఫ్ వేరియంట్ ఆస్తమా అంటారు. ఎక్కువగా రాత్రిళ్లు, తెల్లవారుజామున వేధిస్తుంది. శ్వాసనాళాలను వదులు చేసే సాల్‌బ్యుటమాల్ మందు పీలిస్తే నెమ్మదిస్తుంది. మెథాకొలిన్ అనే మందు పీల్పించి చేసే పరీక్షలో శ్వాసనాళాలు బిగుసుకుంటాయి.

ఇలాంటి దగ్గుకే మరో కారణం ఇసినోఫిలిక్ బ్రాంకైటిస్ అనే శ్వాసనాళాల వాపు. అందులో మెథాకొలిన్ పరీక్ష మామూలుగానే వస్తుంది, సాల్‌బ్యుటమాల్‌తో గుణం కనిపించదు. కఫంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మాత్రం సాధారణంగా 3 శాతం దాటి ఉంటాయి. రెండింటికీ పీల్చే స్టెరాయిడే ముఖ్యమైన మందు, కాబట్టి టెన్షన్ పడకండి. కఫం పరీక్ష, ఫెనో పరీక్ష (వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచేది) స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే చేయించగలరేమో పల్మనాలజిస్టును అడగండి. మందు వాడాక ఆ అంకెలు తగ్గిపోతాయి.

అన్నట్టు, ఆవిడ బీపీకి రామిప్రిల్ గానీ ఎనలాప్రిల్ గానీ వాడుతున్నారా? వాటివల్లా పొడి దగ్గు వస్తుంది. సొంతంగా ఆపేయకుండా ముందు డాక్టరుకు చెప్పండి.