ఇద్దరు తాతమ్మలా, ఒక్కరేనా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా మేనత్తగారూ నేనూ ట్రంకు పెట్టెలోని పాత ఉత్తరాలు చదువుతున్నాం. తాతమ్మ పేరుకు ముందు ఒక ఉత్తరంలో "చి॥ల॥సౌ॥", ఇంకొకదానిలో "గం॥భా॥స॥" అని ఉంది. ఇత్తడి బిందె మీద "చి॥ల॥సౌ॥" ఒక్కటే కనిపిస్తోంది. ఇవి రెండు ఇంటిపేర్లా? ఒకే పేరుతో ఇద్దరున్నారా? మొదటి ఉత్తరం పైన "సాధారణ", రెండవదాని పైన "రాక్షస" అని ఎందుకు రాశారు?

సమాధానం: ఇంటిపేర్లు కావు. ఉన్నది ఒక్కరే. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నదానికి పొడి అక్షరాలు చి॥ల॥సౌ॥. తమకంటే చిన్నదైన ముత్తయిదువకు, పెళ్ళికూతురికి పెద్దలు రాసేది. శుభలేఖల్లో ఇప్పటికీ చూస్తున్నాం. బిందె సారెలో వచ్చినది కావచ్చు. తోమి తోమి పేరు అరిగిపోయి ఆశీర్వాదం మిగిలింది! ముగ్గుపిండి రుద్ది చూడండి, గీతలు తేలవచ్చు.

సాధారణ, రాక్షస ఉత్తరాల స్వభావాలు కావు, ప్రభవాది అరవై సంవత్సరాలలో 44వది, 49వది. సాధారణ 1910-11లో వచ్చింది, మళ్ళీ 1970-71లో వచ్చింది. ఏదన్నది చిరునామాయే చెప్పాలి. "గంజాం జిల్లా" అని ఉంటే చాలదు. 1992లో గజపతి జిల్లా ఏర్పడేదాకా మీ ఊరు గంజాంలోనే ఉంది. మీరు పంపిన నకలులో దాని పక్కన "మద్రాసు" అని కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైంది, అంతదాకా మద్రాసు కింద ఉన్న మీ ఊరు అందులోకి వెళ్ళింది. కనుక మీది 1910-11 నాటి ఉత్తరమే. రాక్షస 1915-16.

ఇక గం॥భా॥స॥. గంగాభాగీరథీ సమానురాలు అని విస్తరించుకోవాలి. భర్త పోయిన స్త్రీకి రాసేవారు. ఎంత గౌరవమో అని మెచ్చుకునేవారున్నారు. నాకు మాత్రం పసుపుకుంకాలు తీసేసి నది పేరు చేతిలో పెట్టినట్టుంటుంది. ఏమైనా, సాధారణకూ రాక్షసకూ మధ్యనే మీ ముత్తాతగారు పోయారు. ఆయన పోయిన ఏడు ఇంట్లో ఎవరికీ తెలియదని రాశారు కదా. నడుమ విరోధికృతు, పరీధావి, ప్రమాదీచ, ఆనంద ఉన్నాయి. ఈ పేర్లున్న ఉత్తరాలు పెట్టె అడుగున ఉన్నాయేమో మేనత్తగారితో కలిసి వెదకండి. దొరికితే ముందుగా తాతమ్మ పేరుకు ముందు ఏమి రాశారో చూడండి.