గ్రౌండ్ అని రాసి వదిలేయకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పోర్టు దగ్గర వేలు పెట్టగానే ఒంట్లోని స్టాటిక్ చిటుక్కుమని దూకి సర్క్యూట్ బోర్డు చచ్చిపోయిన సంగతి బాగా చెప్పావు. దాని కిందే, బోర్డు అంచు చుట్టూ వేసే రాగి పట్టీ అయిన గార్డ్ రింగ్ గురించి, "గార్డ్ రింగ్ వేస్తే స్టాటిక్ గ్రౌండ్‌లోకి వెళ్ళిపోతుంది" అని రాసి చేతులు దులిపేసుకున్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఏ గ్రౌండ్‌లోకి? ఏ దారిన? గ్రౌండ్ అంటే ఎంత పోసినా ఇంకిపోయే ఇసుక కాదు.

లెక్క వేసి చూడు. స్టాటిక్ దెబ్బకి పరికరం తట్టుకుంటుందా అని చూసే ఐఈసీ 61000-4-2 పరీక్షలో, మొనని నేరుగా తాకించి వదిలే 8 కిలోవోల్టుల కాంటాక్ట్ డిశ్చార్జ్‌కి మొదటి దెబ్బే 30 ఆంపియర్లు, అదీ ఒక నానోసెకను లోపే. బోర్డు మీది సన్నటి రాగి గీతకి, అంటే ట్రాక్‌కి, మిల్లీమీటరుకి సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు గబుక్కున మారితే అడ్డుపడే గుణం) ఉంటుంది, నానోసెకనులో 30 ఆంపియర్లు లేస్తే మిల్లీమీటరుకి 30 వోల్టులు. రింగు నుంచి ఛాసిస్ (లోహపు పెట్టె) స్క్రూ దాకా రెండు సెంటీమీటర్ల తోక వదిలావంటే ఆ తోక మీదే 600 వోల్టులు లేస్తాయి. ఈ ఒక్క లెక్క రాసి ఉంటే రింగు వెడల్పుగా ఎందుకుండాలో, పై పొరనీ కింది పొరనీ దగ్గరదగ్గరగా వయాలతో (పొరల్ని కలిపే రాగి రంధ్రాలతో) ఎందుకు కుట్టాలో నువ్వు విడిగా చెప్పే పనే ఉండేది కాదు. రింగుని ఒకచోట తెంపాలన్నది కూడా రాయలేదు, పూర్తిగా మూస్తే అదే యాంటెన్నా అయి కూర్చుంటుంది.

నా తొలి బోర్డుల్లో ఒకదానికి రింగు మొత్తం మీద సోల్డర్ మాస్క్ (రాగి మీద వేసే రంగు పూత) కప్పేశాను. రాగి బయటికి లేదు కదా, స్పార్క్ పక్కనున్న బటన్ కాలికి దూకేది, ముట్టుకుంటే చాలు రీసెట్. పది రోజులు సాఫ్ట్‌వేర్‌లో వెతికి, చివరికి బ్లేడుతో మాస్క్ గీకితే రాగి మెరిసింది, రీసెట్లు ఆగాయి. ఇదంతా రాసి పంపితే ఒక సంపాదకుడు బ్లేడు సంగతి కొట్టేసి "తగు జాగ్రత్తలు తీసుకోవాలి" అని పెట్టాడు. ఇంకొకాయన గార్డ్ రింగ్‌ని "రక్షక వలయం" చేశాడు. టంకం పెట్టేవాడు ఎవడైనా ఆ మాట అంటాడా? ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు నాకు.

ఇంకో పొరపాటు. ఆప్‌ఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్) ఇన్‌పుట్ చుట్టూ వేసే గార్డ్ రింగ్‌నీ దీన్నీ ఒకటే అనుకున్నావు. అది లీకేజీని (బోర్డు మీద పాకే చిన్న కరెంటుని) ఆపడం కోసం, ఇన్‌పుట్‌తో సమానమైన వోల్టేజీలో ఉంచుతారు. దాన్ని ఛాసిస్‌కి కట్టమంటే, స్పార్క్‌ని పిలిచి నాజూకైన ఇన్‌పుట్ పక్కన కూర్చోబెట్టమన్నట్టే.

శైలి గురించీ, ఎక్కడికి పంపాలనీ అడిగావు, అవి తర్వాత. ముందు ఒక బొమ్మ గీసి పంపు: వేలి కొన దగ్గర మొదలై, రింగు, స్క్రూ, ఛాసిస్ మీదుగా నేల దాకా, పెన్ను ఎత్తకుండా ఒకే గీత.