గొంతు సవరించుకోవడం ఆపమంటే కాసేపు ఆపుతున్నాడు, అయినా అది టిక్ కావచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి ఎనిమిదేళ్ళు. నాలుగు నెలలుగా ఊరికే గొంతు సవరించుకుంటున్నాడు, ఈఎన్‌టీ డాక్టర్ చూసి గొంతులో ఏమీ లేదన్నారు. అంతకుముందు కొన్నాళ్ళు కళ్ళు టపటపా ఆర్పేవాడు, అది దానంతటదే పోయింది. గట్టిగా కసిరితే పది నిమిషాలు ఆపుతున్నాడు కాబట్టి కావాలనే చేస్తున్నాడేమో అని మీ అనుమానం. ఇది టూరెట్ సిండ్రోమ్ అయ్యే అవకాశం ఉందా అని అడిగారు. టిక్ అంటే కావాలని చేయకపోయినా హఠాత్తుగా, పదేపదే వచ్చే చిన్న కదలిక లేదా శబ్దం. అలాంటి కదలికలూ శబ్దాలూ రెండూ ఏడాదికి పైగా వస్తూపోతూ ఉండే నాడీ సంబంధ సమస్యే టూరెట్.

ఉంది. అవునో కాదో తేల్చాల్సింది డాక్టరే. కానీ ఆ "ఆపుతున్నాడు" అన్న మాట గురించి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే నాకు టూరెట్ ఉంది. ఆరేళ్ళప్పుడు మొదలైంది, దాని పేరు తెలిసేసరికి పంతొమ్మిదేళ్ళు వచ్చాయి. ఆ పదమూడేళ్ళూ మా ఇంట్లో ఇదే ప్రశ్న: "ఇందాక ఆపావుగా, ఇప్పుడెందుకు ఆపలేవు?"

ఆపగలం. అదే దీనిలోని చిక్కు. టిక్ వచ్చే ముందు ఒంట్లో ఒకచోట ఏదో పేరుకుంటుంది. నాకైతే మెడ కింద గుంట దగ్గర ఏదో అంటుకున్నట్టు ఉండేది. శబ్దం చేస్తే వదిలేది, ఓ క్షణం హాయిగా ఉండేది, మళ్ళీ మొదలు. ఒక్కోసారి శబ్దం సరిగ్గా రాలేదనిపించి నాలుగైదు సార్లు చేసేదాన్ని. తుమ్ము వస్తుంటే బిగబట్టుకుంటాం చూడండి, దాదాపు అలాంటిదే. కాసేపు బిగబట్టవచ్చు, కానీ ఆ కాసేపూ మనసంతా దాని మీదే ఉంటుంది. క్లాసులో టీచర్ చెప్పేది వినపడేది, బుర్రకెక్కేది కాదు. సాయంత్రం దాకా ఆపుకుని, ఇంటికి రాగానే గంటసేపు ఆగకుండా చేసేదాన్ని. "బయట బాగానే ఉంటుంది, మా దగ్గరే ఇలా" అని అమ్మ బాధపడేది. ఆపుకోనక్కర్లేని చోటు ఇల్లొక్కటే అని చెప్పడం నాకప్పుడు చేతకాలేదు.

పదేళ్ళలోపు పిల్లల్లో చాలామందికి ఆ ముందొచ్చే ఇబ్బందిని గుర్తుపట్టడం కూడా రాదు. అందుకే "ఎందుకు చేస్తున్నావ్" అంటే "ఏమో" అంటారు. నిజంగానే తెలియదు. దాని బదులు "అది వచ్చే ముందు ఎక్కడైనా ఏమైనా అనిపిస్తుందా?" అని తీరిగ్గా ఉన్నప్పుడు అడిగి చూడండి.

ఇక గుర్తుపట్టడం గురించి. ఒక్క రోజు చూస్తే ఏమీ తెలియదు, నెలల మీద చూడాలి. నాకు ముందు కళ్ళు ఆర్పడం వచ్చింది. అది తగ్గుతుండగా ముక్కు ముడవడం, తర్వాత భుజం ఎగరేయడం. ఎనిమిదేళ్ళకి ముక్కు ఎగబీల్చడం, "మ్" అని చిన్న మూలుగు. పదకొండేళ్ళకి కీచుమనే శబ్దం, అది అన్నిటికంటే కష్టపెట్టింది. ఒకటి పోతుంది, ఇంకొకటి వస్తుంది, పాతది తిరిగొస్తుంది. ప్రతిదీ చిన్నది, హఠాత్తుగా వచ్చేది, వచ్చినప్పుడల్లా ఒకేలా ఉండేది. అలసిపోయినా, పరీక్షల టెన్షన్ ఉన్నా, బాగా సంబరపడినా ఎక్కువయ్యేవి. ఎవరైనా వాటి గురించి మాట్లాడితే ఇంకా ఎక్కువ. బొమ్మ గీస్తూ లీనమైపోతే అసలు ఉండేవి కావు. నిద్రలో దాదాపు మాయం.

కళ్ళు ఆర్పితే కళ్ళ డాక్టర్, ముక్కు ఎగబీలిస్తే అలర్జీ మందులు. ఇక్కడే మేము మోసపోయాం. టిక్స్ వాటంతటవే హెచ్చుతాయి, తగ్గుతాయి. బాగా ఎక్కువైనప్పుడే కదా డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది. తర్వాత ఎలాగూ తగ్గే దశే వస్తుంది, పేరు మాత్రం మందుకు వస్తుంది. ఆ మందు పనిచేసిందనే నమ్మకంతో మేము రెండేళ్ళు పోగొట్టుకున్నాం. మీ బాబు కళ్ళు ఆర్పడం తగ్గింది కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదని అనుకోకండి.

టూరెట్ అంటే బూతులు తిట్టడమే అన్న అభిప్రాయం కూడా పిల్లలకు చాలా నష్టం చేస్తోంది. అలా అసంకల్పితంగా బూతులు వచ్చేది టూరెట్ ఉన్నవాళ్ళలో నూటికి 10 నుంచి 15 మందికే. మిగతావాళ్ళకి స్వర టిక్ అంటే గొంతు సవరించుకోవడం, పొడి దగ్గు, మూలుగు, కీచు శబ్దం, ఎదుటివాళ్ళ మాటనో తన మాట చివరి ముక్కనో మళ్ళీ అనడం, ఇలాంటివే. ముక్కుతో, గొంతుతో చేసే ఏ చిన్న శబ్దమైనా లెక్కలోకి వస్తుంది.

డాక్టర్లు టూరెట్ అనాలంటే కనీసం రెండు కదలికల టిక్స్, ఒక స్వర టిక్ ఎప్పుడో ఒకప్పుడు ఉండి ఉండాలి. అన్నీ ఒకేసారి ఉండనక్కర్లేదు. మొదటి టిక్ వచ్చి ఏడాది దాటాలి, 18 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, మందుల వల్లో వేరే జబ్బు వల్లో వచ్చినది కాకూడదు. మీరు చెప్పినదాంట్లో శబ్దం ఒకటి, కదలిక ఒకటి ఉన్నాయి. ముక్కు ముడవడం, మెడ విదల్చడం, పొట్ట బిగించడం లాంటివి ఎప్పుడైనా కనిపించాయేమో గుర్తు చేసుకోండి. ఏడాది లోపే తగ్గిపోయే టిక్స్ కూడా పిల్లల్లో మామూలే, కాబట్టి ఇప్పుడే బెంగపెట్టుకోవద్దు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. మీరు చెప్పే వివరాలే ఆధారం. డాక్టర్ గదిలో కూర్చోగానే టిక్స్ ఆగిపోవడం మామూలు కాబట్టి, బాబుతో చెప్పి, వాడు సరేనంటే ఫోన్‌లో రెండు మూడు చిన్న వీడియోలు తీయండి. పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే మంచిది. టిక్ సమయంలో పిలిస్తే పలకకపోవడం, స్పృహ తప్పడం ఉంటే అది వేరే విషయం, ఫిట్స్ కావచ్చు, ఆలస్యం చేయకండి. మూడేళ్ళు నిండకముందు నుంచీ సంతోషంలో రెండు చేతులూ ఒకేలా ఆడించే పిల్లలుంటారు, అదీ టిక్ కాదు.

ఏకాగ్రత కుదరకపోవడం, చేసిందే మళ్ళీ చేయాలనిపించడం కూడా ఉన్నాయేమో చూడండి. మొదటిది ఏడీహెచ్‌డీ, రెండోది ఓసీడీ అనే సమస్యల లక్షణం కావచ్చు, టూరెట్‌తో పాటు ఇవి చాలామందిలో ఉంటాయి. నన్ను ఎక్కువ ఏడిపించింది శబ్దాలు కాదు, కుడిచేత్తో తాకిన ప్రతిదాన్నీ ఎడమచేత్తోనూ తాకాలనిపించే బాధ. అది నేనెవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

టిక్స్ ఇబ్బంది పెట్టకపోతే వైద్యమేమీ అక్కర్లేదు. పెడితే సీబీఐటీ అనే శిక్షణ ఉంది. టిక్ వచ్చే ముందు కలిగే ఆ ఇబ్బందిని పసిగట్టి, టిక్‌కి బదులు ఇంకో పని చేయడం నేర్పుతారు. గొంతు శబ్దానికైతే నోరు మూసుకుని ముక్కుతో నిదానంగా ఊపిరి తీయడం. 126 మంది పిల్లలతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇది మామూలు కౌన్సెలింగ్ కంటే బాగా పనిచేసింది. కసిరి ఆపించడం వేరు, ఇది వేరు. నేను ఇరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను, కీచు శబ్దం చాలావరకు వదిలింది. మందులూ ఉన్నాయి, అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం. సాధారణంగా 10-12 ఏళ్ళ మధ్య బాగా ఎక్కువై, టీనేజ్ చివరికి ఎక్కువమందిలో తగ్గుతాయి.

నా జబ్బు పేరు తెలిసిన రోజు మా నాన్నని కొత్తగా చూశాను. ఆయన పేపర్ చదువుతూ ముక్కు ఎగబీలుస్తున్నారు, భుజం ఎగరేస్తున్నారు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. టిక్స్ కుటుంబాల్లో వస్తాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళలో "అది వాడి అలవాటు" అని వదిలేసినవి ఏమైనా ఉన్నాయా? అమ్మ మాత్రం ఆ రోజు ఒకే మాట అడిగింది: "ఆపుకున్నప్పుడల్లా నొప్పిగా ఉండేదా?"

ఈ వారం ఇంట్లో ఎవరూ "ఆపు" అనకండి, బాబుకి కూడా ఆపుకోనక్కర్లేదని చెప్పండి. టీచర్‌తోనూ మాట్లాడండి. కళ్ళు ఆర్పడం ఏ నెలలో మొదలైందో పాత ఫోటోలు, వీడియోలు చూసి రాసి పెట్టుకోండి. డాక్టర్ మొదట అడిగేవాటిలో అదొకటి.