కుర్చీని ఎత్తేదెవరు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ బలహీనపడ్డాయి. కాళ్లకు ఊతంగా కట్టుకునే క్యాలిపర్లు, చంక కర్రలతోనే నడుస్తూ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. రెండేళ్లుగా భుజాల నొప్పి భరించలేకపోతున్నాను. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి మడతపెట్టే బ్యాటరీ వీల్‌చైర్ కొని పంపుతానంటోంది, వేసవి సెలవుల్లో అక్కడికి రమ్మంటోంది. మావారేమో ‘ఇప్పుడే కుర్చీ ఎక్కితే ఉన్న నడక కూడా పోతుంది’ అంటున్నారు. ఇంటికీ, బడికీ, ప్రయాణాలకీ ఒకే కుర్చీ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీవారి భయం గురించి చెప్పాలి, ఎందుకంటే తొమ్మిదేళ్ల క్రితం మా ఇంట్లోనూ అదే మాట వినబడింది. చిన్నప్పుడు పోలియో వచ్చినవారిలో కొందరికి దశాబ్దాల తరువాత కండరాలు మళ్లీ నీరసించడం, త్వరగా అలసిపోవడం కనిపిస్తుంది; దీన్నే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. కాళ్లు మోయవలసిన బరువును ఇన్నేళ్లూ మోసిన భుజాలు అరిగిపోవడం దీనికి తోడవుతుంది. ఆ భుజాలు పూర్తిగా దెబ్బతింటే మంచం మీంచి కుర్చీలోకి మారడానికి కూడా ఇంకొకరి చేయి కావలసి వస్తుంది. కనుక దూరాలకు కుర్చీ, గదిలో నాలుగడుగులకు కర్రలు అని పంచుకోవడం ఉన్న నడకను కాపాడుకోవడమే. ఎంత నడవాలో మాత్రం ఫిజికల్ మెడిసిన్ వైద్యులను అడిగి నిర్ణయించుకోండి.

ఇక కుర్చీ ఎంపిక. ‘ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుంది?’ అని అందరూ ముందు అడుగుతారు. నేనూ అదే అడిగి, 38 కిలోల కుర్చీ కొన్నాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సెలవు పెట్టిన రోజున దాన్ని కారులోకి ఎక్కించే మనిషి లేక, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పోగొట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాను. కాబట్టి మొదటి ప్రశ్న ‘దీన్ని ఎత్తేదెవరు?’ అన్నదే కావాలి. మడిచే బ్యాటరీ కుర్చీలు సాధారణంగా 20 నుంచి 30 కిలోల మధ్య ఉంటాయి. బ్యాటరీ తీసేస్తే కొంత తగ్గుతుంది. దుకాణంలో మీవారి చేత ఒకసారి ఎత్తించి, మీ కారు డిక్కీలో పెట్టించి చూడండి. సీఎన్‌జీ సిలిండరు ఉన్న క్యాబుల డిక్కీలో మడిచిన కుర్చీ పట్టదు. బండి మాట్లాడుకునేటప్పుడే ఆ విషయం అడగాలి.

అమ్మాయి అక్కడ కొని పంపడం నాకు అంతగా నచ్చలేదు. కుర్చీని నడిపే చేతి మీట, అంటే జాయ్‌స్టిక్కో, మోటారో పాడైతే ఇక్కడ విడిభాగం దొరక్క నెలల తరబడి కుర్చీ మూలన పడుతుంది. విశాఖలోనో హైదరాబాదులోనో సర్వీసు ఉన్న సంస్థ కుర్చీనే కొని, దాన్నే అమెరికాకూ తీసుకువెళ్లండి. ఛార్జర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులని ఉంటే ప్లగ్గు అడాప్టర్ ఒక్కటి చాలు.

విమానం విషయంలో కీలకం బ్యాటరీ సామర్థ్యం. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి: 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లయితే 240. ఊడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటైతే 300, రెండైతే ఒక్కొక్కటి 160 వాట్ అవర్లు మించకూడదన్నది అంతర్జాతీయ నియమం. 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 480 అవుతుంది, కాబట్టి దూరం ఎక్కువ వస్తుందని ఆశపడి దాన్ని కొనవద్దు. కుర్చీ సామాన్ల అరలోకి వెళ్లినా, తీసిన బ్యాటరీ టెర్మినళ్లకు టేపు వేసి మీతోపాటు క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, దిగేటప్పుడు కుర్చీని విమానం తలుపు దగ్గరికే తెమ్మని అడగండి. మెత్తను చేతిలో పట్టుకోండి; అప్పగించేముందు కుర్చీకి ఫొటోలు తీసుకోండి.

రైలులో కుర్చీని మడిచి ఎక్కించడానికి మనిషి తోడు తప్పదు. స్లీపర్, థర్డ్ ఏసీల్లో మీకూ, తోడు వచ్చేవారికీ 75 శాతం రాయితీ వర్తిస్తుంది.

ఇంట్లో అసలు అడ్డు గడప. మా అత్తగారు ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీయించే మాట ఎత్తడానికే నాకు ధైర్యం చాలలేదు. చివరికి వడ్రంగి చేత ఇరువైపులా ఏటవాలు చెక్కలు చేయించాం, గడపా నిలిచింది, కుర్చీ చక్రాలూ దాటాయి. స్నానాలగది తలుపు వెడల్పును టేపుతో కొలిచాకే కుర్చీ కొనండి. బడిలో ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంటే ఆరంగుళాల మెట్లు మూడున్నచోట పద్దెనిమిది అడుగులు. అంతకన్నా నిటారుగా ఉంటే ఒంటరిగా ఎక్కవద్దు. మోటారును విడదీసే మీట వేస్తే కుర్చీని చేత్తో తోయవచ్చు, కానీ అప్పుడు బ్రేకు పనిచేయదు. ర్యాంపు మీద ఆ విడదీసే మీటను తాకనే కూడదు. కుర్చీలోకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ స్విచ్ ఆపేయండి, చీర కొంగు జాయ్‌స్టిక్‌కు తగిలినా కుర్చీ కదులుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి బ్యాటరీ వీల్‌చైర్‌ను ఆరు నెలలు వాడలేదు. ఇప్పుడు ఛార్జి ఎక్కడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీని అలాగే వదిలేస్తే రక్షణ సర్క్యూట్ దాన్ని ఛార్జి కానివ్వదు. వేరే ఛార్జరు పెట్టి బలవంతంగా ఎక్కించడానికి ప్రయత్నించకండి, మంటలు రేగే ప్రమాదం ఉంది. కుర్చీ అమ్మినవారికే చూపించండి. కొత్తది తీసుకున్నాక, వాడని రోజుల్లో సగం ఛార్జితో నీడపట్టున ఉంచి, నెలకొకసారి చూసుకుంటూ ఉండండి.