కొల్లేరును ఒకే పాఠంగా చెప్పవచ్చా?

ప్రశ్న: మాది కొల్లేరు సమీపంలోని ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతి పిల్లలకు విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం, గణితం కలిపి ఈ సరస్సు గురించి బోధించాలనుకుంటున్నాము. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ఏలూరు జిల్లా

జవాబు: నీటి దారితో మొదలుపెట్టండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేరులో నిలిచి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సు మట్టం బాగా తగ్గినప్పుడు అదే ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. ఈ దారిని పటంగా గీయడం భూగోళమైతే, ఉప్పదనం పెరిగినప్పుడు ఏ చేపలు, ఏ మొక్కలు తట్టుకోలేవో తెలుసుకోవడం జీవశాస్త్రం. నెలనెలా నీటి మట్టాన్ని కొలిచి గ్రాఫు గీయించండి, గణితం దానంతటదే వస్తుంది.

అసలు చర్చ మాత్రం ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీత దగ్గర జరగాలి. ఆ గీత వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. కాంటూరు అంటే ఏమిటో లెక్కతో అర్థమైన పిల్లలకే, ఆ గీత లోపల భూమి ఉన్న రైతు బాధా, కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రమైన ఆటపాకకు వచ్చే గూడబాతుల (పెలికాన్ల) అవసరమూ రెండూ నిజమేనని తెలుస్తుంది. సాంఘికశాస్త్రాన్ని చివరికి నెట్టవద్దని నా మనవి, ఎందుకంటే మీ తరగతిలో ఆ కుటుంబాల పిల్లలే కూర్చుని ఉండవచ్చు. తెలుగు ఉపాధ్యాయులను కూడా కలుపుకొని, వలల పేర్లు, చేపల పేర్లు పెద్దలనడిగి రాయించండి.